అప్పిచ్చినవాడి వచనాలు, అప్పు తీసుకున్నవాడి వచనాలు: ఉద్దానంలో ఒక వడ్డీ తగువు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కాశీబుగ్గకు కొద్ది దూరంలో ఉన్న ఒక పల్లె క్రైస్తవ సంఘంలో వచ్చిన తగువు ఇది. ఇద్దరూ ఒకే సంఘ సభ్యులు. అప్పిచ్చినాయన సంఘ పెద్ద, కానుకల లెక్క కూడా ఆయన చేతిలోనే ఉండేది. తీసుకున్నాయన ఇంటి పెరట్లో జీడిపిక్కల బట్టీ నడుపుకునే మనిషి. ఊరు, పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాం. ఇక్కడ పెద్దాయనను పెద్దగారు అని, రెండో ఆయనను బట్టీ ఆయన అని అంటాం.

ప్రసంగంలో ఒక బైబిలు వచనం కాస్త పక్కకు పోయినా వినేవాళ్లు ఆమెన్ అనుకుని ఇంటికి పోతారు. తగువులో అలా కుదరదు. ఇక్కడ ప్రతి వచనం వెనకా ఒక మొత్తం ఉంది. వచనం అర్థం మారితే ఆ మొత్తమూ మారుతుంది. అందుకే వాక్యం సరిగ్గా చదవడం నేర్పేటప్పుడు ఈ కేసును సంఘ పెద్దల ముందు పెడుతున్నాం.

అప్పు ఎలా మొదలైంది

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్ని దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరీ జీడీ వేళ్లతో సహా లేచిపోయాయి. కొత్తగా నాటిన జీడి మొక్క కాపుకు రావాలంటే మూడు నాలుగేళ్లు పడుతుంది, నిండు కాపుకు ఇంకా ఎక్కువ. తోట పోయిన బట్టీ ఆయన పిక్కలు కొని, ఉడికించి, కోసి, పప్పు తీసి అమ్మే పనిలోకి దిగాడు. ఈలోగా తల్లికి కిడ్నీ జబ్బు బయటపడింది. డయాలసిస్ ఆరోగ్యశ్రీలో జరిగినా, అంతకుముందు విశాఖ వెళ్లి చేయించిన పరీక్షలు, మందులు, తోడు వెళ్లినవాళ్ల కూలి నష్టం అన్నీ చేతి డబ్బే.

మొదటి ప్రోనోటు 60,000 రూపాయలకు, మూడు రూపాయల వడ్డీ. నూటికి నెలకు మూడంటే ఏడాదికి 36 శాతం. ఇది తల్లి వైద్యానికి. ఎనిమిది నెలల తరవాత రెండో నోటు 2,00,000 రూపాయలకు, రెండు రూపాయల వడ్డీ. ఇది పిక్కలు కొనడానికి. ఎనభై కిలోల బస్తాలు ఇరవై నాలుగు వచ్చాయి, మిగిలింది రవాణాకు పోయింది. ఆ రెండో మొత్తంలో లక్ష రూపాయలు పెద్దగారు భార్య బంగారం బ్యాంకులో పెట్టి ఏడాదికి 9 శాతానికి తెచ్చినవి. ఈ సంగతి తగువు సగంలోకి వచ్చేదాకా ఎవరికీ తెలీదు.

తగువు సంఘం ముందుకొచ్చే నాటికి మొదటి నోటుకు 40 నెలలు, రెండో దానికి 32 నెలలు నిండాయి. మొదటి దాని మీద 20 నెలల వడ్డీ 36,000, రెండో దాని మీద 14 నెలల వడ్డీ 56,000 ముట్టాయి. ఆ తరవాత పప్పు ధర పడి చెల్లింపు ఆగిపోయింది. పెద్దగారి లెక్కలో అసలు 2,60,000, వడ్డీ బాకీ మొదటి నోటు మీద 36,000, రెండో నోటు మీద 72,000, మొత్తం 3,68,000. వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాయమన్నాడు. బట్టీ ఆయన ఒప్పుకోలేదు. పెద్దగారు కొడుకును, ఒక ఆటోను వెంటబెట్టుకుని వెళ్లి పెరట్లోని కోత మిషన్లు రెండూ తెచ్చి తన షెడ్డులో పెట్టుకున్నాడు.

ఆ మిషను సంగతి కాస్త చెప్పాలి. ఉడికి ఆరిన పిక్కను రెండు బ్లేడ్ల మధ్య నిలబెట్టి, కాలితో పెడలు తొక్కి, చేత్తో పిడి తిప్పితే పెంకు రెండుగా విచ్చుకుని పప్పు గుండుగా బయటపడుతుంది. చెయ్యి తిరిగిన ఆడమనిషి కోస్తే గుండు ఎక్కువ, బద్ద తక్కువ. గుండుకీ బద్దకీ ధరలో చాలా తేడా. మిషను లేకపోతే ఉడికించిన పిక్క ఎందుకూ పనికిరాదు. పచ్చి పిక్కలనే పెద్ద ఫ్యాక్టరీకి వాళ్లు చెప్పిన రేటుకి ఇచ్చేయాలి. మిషన్లు పోయిన నాటి నుంచి ఈ ఇంట్లో జరిగింది అదే.

ఎవరి చేతిలో ఏ వచనం

ఇద్దరూ ఖాళీ చేతులతో రాలేదు. ఒక కాగితాన్ని రెండుగా మడిచి, ఎవరు ఏ వచనం చెబుతున్నారో, దాన్నిబట్టి ఎంత అడుగుతున్నారో రాయించాం. నోటితో చెప్పేటప్పుడు వచనమూ కోపమూ కలిసిపోతాయి. కాగితం మీద పెడితే వచనం ఒక పక్క, మొత్తం ఒక పక్క కనబడతాయి.

పెద్దగారి వైపు ముందు నిలబడింది డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఆయన తీసిన వాగ్దానం కార్డు, అంటే కొత్త ఏడాదికి వాగ్దానంగా తీసుకునే బైబిలు వచనం అచ్చేసిన కార్డు. ద్వితీయోపదేశకాండము 28:12, 'నీవు అనేక జనములకు అప్పిచ్చెదవు కాని అప్పుచేయవు.' వడ్డీకి తిప్పడం మొదలుపెట్టింది ఆ ఏడాదే. తరవాత మత్తయి 25:27, 'వడ్డితోకూడ నా సొమ్ము' అని యజమాని అడిగిన మాట. ఆ తరవాత రోమా 13:8, ఎవనికిని ఏమియు అచ్చియుండవద్దు, అంటే బాకీ ఉండవద్దు. సంఘం బయటివాళ్లకిచ్చిన అప్పుల మాట వచ్చినప్పుడు ద్వితీయోపదేశకాండము 23:20 కూడా తీశాడు.

బట్టీ ఆయన పరలోక ప్రార్థన పట్టుకున్నాడు, 'మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము.' సంఘ పెద్ద ప్రతి ఆదివారం ఆ ప్రార్థన చెబుతూ అప్పు ఎలా అడుగుతాడన్నది ఆయన వాదన. తోడుగా ద్వితీయోపదేశకాండము 15లోని ఏడో ఏటి విడుదల, లూకా 6:30, నీ సొత్తు ఎత్తికొనిపోవువాని యొద్ద దాని మరల అడగవద్దన్న మాట. ఆయన ఇస్తానన్నది మొదటి నోటు మీద సున్నా, రెండో నోటు మీద అసలు మాత్రం, అదీ వీలైనప్పుడు.

చదవడానికి ముందు ఇద్దరి చేతా ఒక్క మాటకు సరేననిపించాం. ఎదుటివాడి వచనం మీద ఏ ప్రశ్న వేస్తారో, తన వచనం మీదా అదే ప్రశ్న వేసుకోవాలి. మొదటి సాయంత్రం డబ్బు ఊసు ఎత్తలేదు, చదవడమే. అందరికీ నోటికి వచ్చిన పాత అనువాదంలోనే చదివాం. అర్థం దగ్గర ఆగిపోతే వాడుక భాష అనువాదం చూశాం.

కార్డు మీద లేని వచనాలు

ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయం మొత్తం బిగ్గరగా చదివించడానికి పావుగంట కూడా పట్టదు. మొదటి వచనంలోనే షరతు ఉంది, దేవుని మాట శ్రద్ధగా విని, ఆజ్ఞలన్నిటి ప్రకారం నడిస్తేనే ఇదంతా. ఆశీర్వాదాలు 14వ వచనంతో ఆగిపోతాయి. 15 నుంచి 68 దాకా 54 వచనాలు శాపాలు. వాటి మధ్యలో 44వ వచనం కార్డు మీదున్న మాటను తిరగేస్తుంది. మధ్యనున్న పరదేశి నీకు అప్పిస్తాడు గాని నీవు అతనికి ఇవ్వలేవు, అతడు తల, నీవు తోక. కార్డులు అచ్చువేసేవాళ్లు 44వ వచనం వేయరు, వేసినా ఎవరూ తీసుకోరు.

ఇది ఒక మనిషికి పెట్టుబడి గురించి చెప్పిన మాట కాదు. మోయాబు మైదానంలో, యొర్దాను దాటబోయే ఇశ్రాయేలు జనాంగంతో చేసిన నిబంధన. ఇదే మాట 15:6లో ముందే వచ్చింది, అక్కడ 'అనేక జనములను ఏలుదువు' అని కలిసి ఉంటుంది. ఉద్దానంలో ఒక పెద్దాయన ఏలే జనాంగాలు లేవు కాబట్టి, అప్పిచ్చే జనాలు కూడా పక్క వీధివాళ్లు కారని పెద్దగారే ముందు అన్నాడు.

తగువు తీరును మార్చింది మాత్రం 15:6 చుట్టూ ఉన్న వచనాలు. దానికి ముందు ఏడో ఏటి అప్పుల విడుదల. దాని వెనకే 7 నుంచి 11 దాకా బీద సహోదరుడి ముందు చెయ్యి ముడుచుకోవద్దని, విడుదల ఏడు దగ్గరపడిందని లోపల లెక్క వేసుకోవద్దని ఆజ్ఞ. అంటే 'అనేక జనములకు అప్పిచ్చెదవు' అన్న వాగ్దానం వడ్డీ గురించి కాదు, చెయ్యి తెరిచి ఉంచడం గురించిన అధ్యాయంలో కూర్చుని ఉంది. కార్డు మీది వచనానికి ఐదు అధ్యాయాల ముందే 23:19లో వెండి గాని ఆహారం గాని మరేదైనా గాని సహోదరుడికి వడ్డీకి ఇవ్వకూడదని ఉంది. 24:6లో తిరగలిని గాని దాని పై రాయిని గాని తాకట్టు పట్టకూడదు, అది ఆ మనిషి జీవనాధారం. 24:10-11లో తాకట్టు వస్తువు కోసం అప్పులవాడి ఇంట్లోకి వెళ్లకూడదు, బయట నిలబడాలి, వాడే తెచ్చి ఇవ్వాలి.

కోత మిషన్లకూ తిరగలికీ పోలిక ఎవరూ వివరించక్కర్లేకపోయింది. ఆ భాగం చదివింది పిక్కలు కోసే చెల్లెమ్మే.

పెద్దగారు ఒక ప్రశ్న అడిగాడు, అది న్యాయమైన ప్రశ్నే. "అయితే ఏటండి అయ్యగారూ, ప్రార్థన చేసి తీసిన వాగ్దానం నాది కాదంటారా? అన్నీ క్రీస్తులో అవును అని రాసుంది కదేటి?" 2 కొరింథీ 1:20 ఆయన మనసులో ఉంది. దానికి జవాబు, నీది కాదు, అవతల పారెయ్యి అనడం కాదు. గలతీ 3:10-14 ప్రకారం ధర్మశాస్త్రపు శాపం క్రీస్తు మీద పడింది, అబ్రాహాము ఆశీర్వాదం ఆయనలో మనకు చేరింది, అక్కడ చేరిందని చెప్పినది ఆత్మను గూర్చిన వాగ్దానం. కాబట్టి 28:12 క్రీస్తు గుండా మన దగ్గరికి వస్తే, ఇచ్చే చెయ్యిగా వస్తుంది. రెండు రూపాయల వడ్డీగా రాదు. క్రీస్తులో 'అవును' అన్న మాటకు షరతును కత్తిరించి ఫలితాన్ని ఉంచుకోవచ్చని అర్థం లేదు.

మత్తయి 25 దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. ఉపమానంలో ఒక పాత్ర అన్న మాట దేవుని ఆజ్ఞ కాదు. ఆ యజమాని సోమరి దాసుడిని వాడి మాటలతోనే పట్టుకుంటున్నాడు. ప్రభువు దినం దొంగలా వస్తుందని ఉంది కదా అని ఎవరూ దొంగతనాన్ని సమర్థించరు.

అవతలి పక్క

ఇక్కడిదాకా బట్టీ ఆయన ముఖం వికసిస్తూ వచ్చింది. రెండో సాయంత్రం ఆయన వంతు.

పరలోక ప్రార్థనలో ఋణాలంటే ఏమిటో మత్తయే రెండు వచనాల తరవాత, 6:14-15లో, అపరాధాలు అని విప్పి చెబుతాడు. లూకా 11:4లో నేరుగా పాపములు అనే ఉంది. పైగా ఆ ప్రార్థన చేసేవాడు తనకు అచ్చియున్నవాళ్లను తాను క్షమిస్తున్నానంటున్నాడు, తన అప్పు ఎదుటివాడు కొట్టేయాలనడం లేదు. మత్తయి 18:23-35 కూడా అప్పుడే చదివాం. 20:2 ప్రకారం దేనారం ఒక రోజు కూలి. తలాంతు ఆరువేల దేనారాలు, ఆ ఉపమానంలో మొదటి దాసుడు యజమానికి అచ్చియున్నది పదివేల తలాంతులు. అంటే మొదటి దాసుడికి కొట్టేసింది ఆరుకోట్ల రోజుల కూలి, వాడు తోటివాడి గొంతు పట్టుకున్నది వంద రోజుల కూలికి. లెక్క పలక మీద వేస్తుండగా బట్టీ ఆయన దగ్గర పనిచేసే పొట్టు తీసే ఆమెకు ఇచ్చిన 5,000 అడ్వాన్సు మాట బయటికొచ్చింది. వారానికి వంద చొప్పున కూలిలోంచి పట్టుకుంటున్నాడు. పట్టుకోవడంలో తప్పు లేదు. కానీ తన వచనం ఆమె విషయంలో ఆయనకు ఒక్కసారీ గుర్తు రాలేదు.

ఏడో ఏటి విడుదల దేశమంతటికీ ఒకేసారి వచ్చే నియమిత సంవత్సరం. ద్వితీయోపదేశకాండము 31:10లో పర్ణశాలల పండుగతో కలిపి చెప్పారు. ఎవరి అప్పుకు వాళ్లు ఏడేళ్లు లెక్కపెట్టుకునేది కాదు. ఆ లెక్కే పెట్టినా ఇక్కడ 40 నెలలు కూడా దాటలేదు. కీర్తన 37:21 ఆయన చేతే చదివించాం, 'భక్తిహీనులు అప్పుచేసి తీర్చకయుందురు.' రోమా 13:8 దగ్గర పెద్దగారి వైపే మొగ్గు. ముందు వచనం 13:7 పన్నూ సుంకమూ ఎవరికి చెల్లాలో వారికి చెల్లించమంటుంది. అప్పే చేయకూడదని కాదు, గడువు దాటిన బాకీ పెట్టుకుని తిరగవద్దని.

ఈ కేసులో అసలు మెలిక ఇక్కడ ఉంది. ద్వితీయోపదేశకాండము 15, లూకా 6:30-35 అప్పిచ్చేవాడికి చెప్పినవి. వాటిని అప్పు తీసుకున్నాయన ఎత్తి పట్టుకున్నాడు. రోమా 13:8 బాకీ ఉన్నవాడికి చెప్పింది. దాన్ని అప్పిచ్చినాయన ఎత్తి పట్టుకున్నాడు. వచనాలు తప్పు కావు, ఎవరి ఆజ్ఞ వాళ్ల చేతిలో లేదు. సందర్భం చూడమని ప్రతి బైబిలు తరగతిలోనూ చెబుతాం, చూసినవాళ్లు కూడా ఈ చోట పడిపోతారు, ఎందుకంటే సందర్భం సరిగానే ఉంటుంది, చేతులే మారతాయి. కాగితం మీది రెండు వరుసలనూ కొట్టేసి కొత్తగా రాయించాం. ఈసారి ఎవరికి చెప్పిన వచనం వాళ్ల పేరు కింద. పెద్దగారి కింద చెయ్యి తెరవడం, వడ్డీ, తిరగలి, గుమ్మం బయట నిలబడటం. బట్టీ ఆయన కింద కీర్తన 37:21, రోమా 13:8. ఆ తరవాతే డబ్బు మాట.

వ్యాపారపు అప్పు మీద వడ్డీ

వైద్యానికి ఇచ్చిన 60,000 మీద ఎవరికీ సందేహం లేకపోయింది. నిర్గమకాండము 22:25, లేవీయకాండము 25:35-37 సరిగ్గా ఇలాంటివాడి గురించే, చెయ్యి జారిపోయిన సహోదరుడి గురించి. రెండో నోటు దగ్గర మాత్రం సంఘంలోనే రెండు పక్షాలయ్యాయి.

ఆ రెండు భాగాలూ బీదవాడు అంటాయి. ద్వితీయోపదేశకాండము 23:19 మాత్రం సహోదరుడు అనే అంటుంది, బీదవాడా కాదా అని అడగదు. కీర్తన 15:5 'తన ద్రవ్యము వడ్డికియ్యడు' అని ఊరుకుంటుంది. పాత సంఘం దీన్ని గట్టిగానే పట్టుకుంది. క్రీ.శ. 325 నైసియా సభ 17వ నియమం వడ్డీ తీసుకునే సేవకులను పదవి నుంచి తీసేయమంది. పన్నెండు వందల ఏళ్ల తరవాత, 1545లో రాసిన ఒక ఉత్తరంలో ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ వ్యాపారానికి పెట్టుబడిగా ఇచ్చేదాన్ని బీదవాడికి ఇచ్చేదాంతో కలపకూడదన్నాడు, బీదవాడి దగ్గర మాత్రం వడ్డీ తీసుకోవద్దన్నాడు. సంఘ కాపరి మొదటి పక్షం. పెద్దల్లో ఇద్దరు రెండో పక్షం. మా అభిప్రాయం రెండో దానికి దగ్గరే, ఒక షరతుతో. వ్యాపారంలో నష్టమంతా ఒకడిది, లాభంలో స్థిరమైన వాటా ఇంకొకడిది అయితే, పేరుకి పెట్టుబడే గాని బరువంతా మళ్లీ అప్పు తీసుకున్నవాడి మీదే పడుతుంది. అలాంటి చోట వడ్డీ కన్నా లాభనష్టాల్లో వాటా రాసుకోవడం మంచిది.

నెహెమ్యా 5 ఇక్కడ అక్కరకొచ్చింది. కరవులో పొలాలు తాకట్టు పెట్టుకున్న యూదులకు యూదులే వడ్డీ కట్టారు. 5:11లో నెహెమ్యా తిరిగి ఇచ్చేయమన్నది నూరవ భాగం. నెలకు అని ఆ వచనంలో లేదు, చాలామంది వ్యాఖ్యాతలు మాత్రం నెలసరి వడ్డీగానే తీసుకుంటారు. అలా తీసుకుంటే అది మన రూపాయి వడ్డీ. ఊళ్లో ఎవరైనా రూపాయికి ఇస్తే ధర్మాత్ముడంటాం, నెహెమ్యా దాన్నీ తిప్పి ఇమ్మన్నాడు.

రెండు పక్షాలూ కలిసిన చోటు, లాభం వేరు, చేతి నష్టం వేరు. పెద్దగారు బ్యాంకుకు కట్టిన వడ్డీ ఆయన సంపాదన కాదు. లక్ష మీద 9 శాతం, 32 నెలలకు 24,000. దాన్ని బట్టీ ఆయన భరించాలనడంలో కాపరికి కూడా అభ్యంతరం లేకపోయింది. లెక్క ఇలా తేలింది.

మొదటి నోటు: వడ్డీ లేదు. ముట్టిన 36,000 అసలుకు జమ. మిగిలింది 24,000.

రెండో నోటు: ముట్టిన 56,000లో 24,000 బ్యాంకు వడ్డీకి, 32,000 అసలుకు జమ. మిగిలింది 1,68,000.

మొత్తం 1,92,000, రెండేళ్లలో. నెలకు సమానంగా 8,000 పెట్టలేదు. చిన్న బట్టీల్లో వేసవిలో కొన్న పిక్క నవంబరు దాటి నిలవదు. ఏడాది పొడుగునా నడవాలంటే ఆఫ్రికా పిక్క తెచ్చుకోగల పెద్ద ఫ్యాక్టరీ కావాలి. అందుకని ఏప్రిల్ నుంచి నవంబరు దాకా నెలకు 10,000, డిసెంబరు నుంచి మార్చి దాకా నెలకు 4,000. ఏడాదికి 96,000. ఇలాంటి ఒప్పందాలు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే, పని లేని నెలలో పనున్న నెల వాయిదా పెట్టడం వల్ల. అప్పుడు కట్టలేనివాడు మాట తప్పినవాడవుతాడు, పాత వచనాలన్నీ మళ్లీ బయటికొస్తాయి.

మిషన్లు ముందు, కాగితం తరవాత. వాయిదా మొదలవకముందే కోత మిషన్లు వెనక్కి వెళ్లాలని పట్టుబట్టాం. మిషను లేకుండా వాయిదా రాయించుకోవడం 24:6ను ఇంకో దారిలో మీరడమే.

కోర్టు, కాలదోషం

పెద్దగారు కోర్టుకు వెళ్తానన్నప్పుడు సంఘంలో చాలామంది 1 కొరింథీ 6 చూపించారు. ఆ అధ్యాయాన్ని సగమే చదువుతారు. సహోదరుడు సహోదరుడి మీద వ్యాజ్యెమాడటం పౌలుకు బాధ, నిజమే. కానీ 5వ వచనంలో ఆయన అడిగేది మీలో తీర్పు చెప్పగల బుద్ధిమంతుడు ఒక్కడూ లేడా అని. సంఘం తీర్పు చెప్పకుండా, కోర్టుకు మాత్రం వెళ్లవద్దంటే నష్టపోయేవాడిని నోరు మూసుకోమన్నట్టే.

ఇక్కడ గడువు నిజంగానే మీద పడుతోంది. ప్రోనోటుకు మూడేళ్లలో దావా వేయకపోతే కాలదోషం పడుతుంది. వడ్డీ కట్టినట్టు కట్టినవాడి సంతకంతో రాతలో ఉంటే గడువు అప్పటి నుంచి మళ్లీ లెక్కకొస్తుంది. మొదటి నోటు వెనక 20వ నెల చెల్లు, సంతకం ఉన్నాయి. రెండో నోటుకు కట్టిన వడ్డీ అంతా పెద్దగారు తన చిన్న పుస్తకంలోనే రాసుకున్నాడు, నోటు వెనక ఏమీ లేదు. దానికి మిగిలింది నాలుగు నెలలు. ప్రార్థన చేద్దాం, ఆగుదాం అని సంఘం నాన్చితే పెద్దగారి రెండు లక్షలు చట్టం దృష్టిలో ఎగిరిపోయేవి. వకీలును అడిగి, గడువు లోపే పాత నోట్లు రెండూ రద్దు చేసి కొత్త నోటు రాయించాం.

కొత్త నోటులో 'వడ్డీ లేదు' అని స్పష్టంగా రాయాలి. వడ్డీ ఊసే లేకుండా వదిలేస్తే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 80వ సెక్షన్ ఏడాదికి 18 శాతం లెక్క కట్టనిస్తుంది. రేపు ఇద్దరూ పోయి పిల్లలు లెక్కకు కూర్చుంటే ఆ ఖాళీయే తగువవుతుంది. రూపాయి రెవెన్యూ స్టాంపు మీదుగా సంతకం, ఇద్దరు సాక్షులు, ప్రతి వాయిదా నోటు వెనక తేదీతో చెల్లు, కట్టిన ఆయన సంతకం. ఫోన్‌పేలో పంపినా సరే, చెల్లు రాయాల్సిందే.

పొట్టు తీసే ఆమె అడ్వాన్సులో మిగిలినదాన్ని బట్టీ ఆయన కొట్టేశాడు. దాన్ని ఎవరూ అడగలేదు, ఒప్పందంలోనూ లేదు.

బయటివాళ్ల అప్పులు

పెద్దగారికి సంఘం బయట కూడా నాలుగు నోట్లున్నాయి. ద్వితీయోపదేశకాండము 23:20లో అన్యునికి వడ్డీకి ఇవ్వవచ్చని ఉంది కాబట్టి వాటి జోలికి రావద్దన్నాడు. మన సంఘాల్లో అన్యులంటే యేసును నమ్మని ఇరుగుపొరుగు అన్న వాడుక ఉండటంతో ఈ వచనం చాలామందికి సూటిగా తగులుతుంది. కానీ ఆ వచనంలోనివాడు ఇశ్రాయేలు భూమిలో వాటా లేని, సరుకుతో వచ్చి పోయే పరాయి దేశస్థుడు, 15:3లో విడుదల వర్తించనివాడూ అతడే. మధ్యలో కాపురమున్న పరదేశి గురించి లేవీయకాండము వేరే మాట చెబుతుంది, 19:34లో నిన్ను నీవు ప్రేమించుకున్నట్టే అతణ్ణి ప్రేమించమంటుంది. పక్కింటి పైడమ్మ అత్త ఈ రెండింటిలో ఎవరని అడిగితే పెద్దగారికి జవాబు దొరకలేదు. లూకా 6:34-35 తరవాత ఆ గీత ఎలాగూ నిలవదు, శత్రువుకైనా తిరిగి ఆశించకుండా అప్పివ్వమని ఉంది. అన్యుడి దగ్గర వడ్డీ తీసుకోవచ్చన్న వచనంతో సువార్త చెప్పడానికి అదే వీధిలోకి ఎలా వెళ్తారని కాపరి అడిగాడు. మిగతా అన్నిటికన్నా పెద్దగారికి తగిలింది ఆ మాటే.

కానుకల లెక్క ఆయన వేరొకరికి అప్పగించాడు. 1 తిమోతి 3:3లో అధ్యక్షుడు ధనాపేక్ష లేనివాడై ఉండాలి. ఆయన ధనాపేక్ష గలవాడని తీర్మానించే పని సంఘం పెట్టుకోలేదు, సంఘంలో అప్పులు తిప్పే మనిషి చేతిలో సంఘం డబ్బు ఉండకూడదని మాత్రం రాసుకుంది. పెద్దరికం ఉంది. దీని మీద కొందరికి అసంతృప్తి మిగిలింది, అది వాళ్ల పక్షాన న్యాయమే.

వాగ్దానం కార్డులు ఆపేయమని మేం చెప్పలేదు. ఆ రాత్రి కార్డు కోసమే గుడికి వచ్చే ముసలమ్మలున్నారు. కార్డు వెనక అధ్యాయం మొత్తం చదవాల్సిన భాగం రాసి ఇవ్వడం, జనవరి కుటుంబ ప్రార్థనల్లో ఆ ఇంటివాళ్ల కార్డు అధ్యాయాన్నే చదవడం మొదలైంది. మొదటి నెలలోనే ఒకావిడ యిర్మీయా 29:11 తీసుకుని, 29:10లో డెబ్బై ఏళ్లు అని ఉందేటండి అని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే.

వాయిదాల్లో ఒక్క ఫిబ్రవరిది ఆలస్యమైంది. బట్టీ ఆయన ముందే వెళ్లి చెప్పాడు, మార్చిలో రెండూ కలిపి కట్టాడు, నోటు వెనక చెల్లు ఉంది. బయటి నాలుగు నోట్లలో రెండింటిని పెద్దగారు అసలు మాత్రం తీసుకుని చించేశాడు. మూడోది బంగారం మీద ఇచ్చింది, సరుకు వెనక్కి వెళ్లింది, డబ్బు ఇంకా రావాలి. నాలుగోది ట్రాక్టరు కొనడానికి ఇచ్చిన వ్యాపారపు అప్పు. దాన్ని వాటాగా మార్చమంటే తీసుకున్నతను ఒప్పుకోవడం లేదు, వడ్డీ అయితే ఎంత కట్టాలో తెలుస్తుంది, వాటా అయితే ప్రతి సీజనుకీ లెక్క చూపాలి కదా అంటున్నాడు. ఆ మాట ఇంకా నడుస్తోంది.